విష్ణుక్రాంత: కొండరాళ్ళ సందుల్లో పూసే నీలిపువ్వు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వినాయక చవితి ఇంకో పదిరోజులుందనగా నా ఫోను మోగడం మొదలవుతుంది. ఫొటో పెట్టి "సార్, ఇది విష్ణుక్రాంతేనా?" అని అడుగుతారు. చాలామటుకు కాదు. నెల్లూరు నుంచి ఒకరు, కనిగిరి నుంచి ఒకరు, కందుకూరు వదిలి బెంగళూరులో స్థిరపడ్డవాళ్ళు ఇంకొకరు, అందరివీ దాదాపు అవే ప్రశ్నలు. విడివిడిగా చెప్పే ఓపిక తగ్గింది, అందుకని ఒకచోట రాసిపెడుతున్నా. ఉదయగిరి పక్క పల్లెలో బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. వైద్యుణ్ణి కాను. ముప్పై ఏళ్ళుగా సెలవు దొరికితే కొండెక్కే అలవాటు, అంతే నాకున్న అర్హత.

అసలు విష్ణుక్రాంత చెట్టా, తీగా?

రెండూ కాదు. నేలను పట్టుకుని జానెడు, మహా అయితే మూరెడు మేర నాలుగు పక్కలా సన్నని పుల్లలు చాచే చిన్న మొక్క. శాస్త్రీయ నామం ఎవాల్వ్యులస్ ఆల్సినాయిడిస్. తూటికూర, చిలగడదుంప, కాశీరత్నం ఉన్న కుటుంబమే దీనిదీ. ఆ కుటుంబంలో చాలావాటికి దేన్నో ఒకదాన్ని చుట్టుకుని పైకి పోవడం అలవాటు. ఇది మాత్రం దేన్నీ చుట్టుకోదు. మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీన్ని కూడా చుట్టుకునేవాటితోనే కలిపి కన్వాల్వ్యులస్ అన్నాడు. 1762లో విడదీసి ఎవాల్వ్యులస్ అనే వేరే ప్రజాతిలో పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకి చుట్ట విప్పుకున్నది అని అర్థం వస్తుంది. ఈ ప్రజాతిలో వంద దాకా జాతులున్నాయి, దాదాపు అన్నీ అమెరికా ఖండాలవి. మన కొండల మీద కనపడేది ఇదొక్కటే.

ఏడాదితో పోయే మొక్క కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

పువ్వును ఎలా గుర్తుపట్టాలి? నాకు చిన్న నీలిపూలన్నీ ఒకేలా కనిపిస్తాయి.

నిలబడి చూస్తే అలాగే కనిపిస్తాయి. పొద్దున ఎనిమిదింటికి దాని పక్కన చతికిలబడి కూర్చోండి.

ముందు ఆకు. వేలిగోరంత ఉంటుంది, కోలగా, కాడ ఉందా లేదా అన్నట్టు కొమ్మకి అంటుకుని. రెండు వైపులా పట్టులాంటి నూగు. కార్తీకమాసంలో మంచు పడ్డ రోజు ఆ నూగు మీద నీళ్ళు నిలిచి మొక్కంతా వెండిపూత పూసినట్టుంటుంది. చూపుడువేలితో రాస్తే నీళ్ళు పోయి కింద అసలు పచ్చరంగు బయటపడుతుంది.

ఆ ఆకు చంకలోంచి దారమంత కాడ వస్తుంది. దాని చివర ఒకటో రెండో పూలు. వెడల్పు శనగగింజంత. దూరం నుంచి ఐదు రేకులనుకుంటాం కానీ విడి రేకులు ఉండవు. అంచున ఐదు మెత్తని వంపులున్న ఒకే చిన్న గిన్నె అది. రంగు ఆకాశనీలం, నడుమ తెల్లచుక్క. ఆ తెలుపులో ఐదు కేసరాలు నిలబడి ఉంటాయి. భూతద్దం ఉంటే ఇంకా లోపలికి చూడండి: కీలాలు, అంటే కాయయ్యే భాగం మీద నిలిచే సన్నని కాడలు, రెండుంటాయి, ఒక్కొక్కటి మళ్ళీ రెండుగా చీలి నాలుగు తెల్లదారాలై కనిపిస్తాయి. అనుమానమేదైనా ఉంటే ఈ నాలుగు దారాల దగ్గర తీరిపోతుంది. దీని దగ్గరి చుట్టం కన్వాల్వ్యులస్‌కి కీలం ఒకటే, చివర మాత్రం రెండు పాయలు.

పువ్వు లేనప్పుడు కాయను చూడండి. మిరియపు గింజకన్నా చిన్నది, గుండ్రంగా ఉండి తలవంచుకుని వేలాడుతుంది. ఎండితే నాలుగు చెక్కలుగా పగులుతుంది.

ఎక్కువమంది పొరపడేది వెన్నదేవి కూరతో. అదీ నీలమే, కానీ అది తడిపట్టున పెరుగుతుంది, రేకులు సమానంగా ఉండవు, పువ్వు ఒక పచ్చని దొన్నెలోంచి తొంగిచూస్తుంది. ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే జన్మలో మళ్ళీ పొరపడరు.

శంఖపుష్పం, విష్ణుక్రాంత ఒకటేనా?

ఈ ప్రశ్నకి ఒక్కమాటలో జవాబు చెప్పేవాళ్ళని నమ్మకండి. ఇక్కడ మూడు మొక్కలు రెండు పేర్ల కోసం కొట్టుకుంటున్నాయి.

మనవైపు ఇళ్ళలో శంఖపుష్పం అంటే కంచెల మీద పాకే తీగ, దింటెన అని కూడా అంటారు. చిక్కుడు కుటుంబం. పువ్వు పెద్దది, ముదురు నీలం, కాయ బఠాణీకాయలాగా చదునుగా ఉంటుంది. ఈమధ్య నీలంరంగు టీ అని హోటళ్ళలో ఇస్తున్నది దీని పూలతోనే. దీన్ని కొన్ని ఊళ్ళలో విష్ణుక్రాంత అని కూడా పిలుస్తారు, చవితి పత్రిలో దీని ఆకే పెడతారు.

ఆయుర్వేదంలో శంఖపుష్పి అనే మందు ఉంది. మందుల ప్రామాణిక గ్రంథమైన భారత ఆయుర్వేద ఫార్మకోపియా ఆ పేరు కింద చెప్పింది కన్వాల్వ్యులస్ ప్లూరికాలిస్ అనే మొక్కని. తెల్లటి, లేదా లేత గులాబి పూలు. ఎక్కువగా ఉత్తరాదిన, పడమటి పొడినేలల్లో పెరుగుతుంది.

మూడోది మన విష్ణుక్రాంత. దీన్ని కూడా శంఖపుష్పి పేరుతో వాడేవాళ్ళున్నారు.

తప్పెవరిదంటే ఎవరిదీ కాదు. సంస్కృతంలో పేరు ఒకటే ఉంటుంది, ఏ ప్రాంతం వాళ్ళు తమ దగ్గర దొరికే మొక్కకి ఆ పేరు తగిలించుకుంటారు. మా ఇంట్లోనే మా అమ్మకి విష్ణుక్రాంత అంటే ఒక మొక్క, మా అత్తగారికి ఇంకోటి. ఇద్దరూ బతికున్నంతకాలం ప్రతి చవితికీ ఆ తగువు తెగలేదు.

నెల్లూరు, ప్రకాశం వైపు ఎక్కడ చూడొచ్చు?

వెలిగొండల వెంట ఎక్కడైనా. ఉదయగిరి దుర్గం మెట్లదారిలో, పెంచలకోన వాగు పైన రాతిబండల మీద, సీతారామపురం దాటాక ఘటిక సిద్ధేశ్వరం దగ్గర, భైరవకోన గుహలకి ఎదురుగా ఉన్న వాలులో నేను చూశాను. నెల్లూరు ఊళ్ళో ఉన్నవాళ్ళు అంతదూరం పోనక్కర్లేదు, నరసింహకొండ చాలు.

దట్టమైన నీడలో వెతకొద్దు, ఉండదు. బోదగడ్డి పలచగా ఉండి, అక్కడో బలుసు పొద, ఇక్కడో కలివి పొద ఉండి, మధ్యలో ఎర్రగరప నేల బయటికి కనిపించే చోటు చూడండి. పెచ్చులు పెచ్చులుగా లేచిన బండ అంచుల్లో, మట్టి రెండు వేళ్ళ మందం కూడా లేనిచోట ఇది హాయిగా ఉంటుంది. బలమైన నేలలో గడ్డి దీన్ని మింగేస్తుంది. రాతి మీదకి ఆ గడ్డి రాలేదు కాబట్టి ఇది బతికిపోయింది, అదీ దీని తెలివి.

మధ్యాహ్నం పోయాం, ఒక్క పువ్వూ కనపడలేదు. ఎందుకు?

పువ్వు ఆయుష్షు ఒక్కపూట. ఎండ పడ్డాక విచ్చుకుంటుంది, పన్నెండు దాటితే ముడుచుకుంటుంది. ముడుచుకున్నాక నీలం చిన్న చుట్టలా అయిపోయి ఆ నూగాకుల్లో కలిసిపోతుంది. పక్కనే నిలబడి ఉంటారు, కనపడదు. మర్నాడు పొద్దునకి కొత్తవి వస్తాయి. ఎనిమిది నుంచి పదిన్నర మంచి సమయం.

ఏ నెలలో పోతే బాగుంటుంది?

మనకి సగానికి పైగా వాన అక్టోబరు నుంచి డిసెంబరు లోపు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది, ముఖ్యంగా నెల్లూరు వైపు. ఈ మొక్కకీ అదే పండగ. దీపావళి నుంచి సంక్రాంతి దాకా నిండుగా పూస్తుంది. చవితినాటికి పైవానలు నాలుగు పడి ఉంటే ఆకు ఉంటుంది, పువ్వు అక్కడక్కడ. పడకపోతే పుల్లలే.

ఎండాకాలంలో చచ్చిపోయి వానకి గింజల నుంచి మళ్ళీ మొలుస్తుందా?

నేను కూడా చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. మే నెలలో కొండెక్కితే మొక్క ఉన్నచోట నాలుగు ఎండుపుల్లలు తప్ప ఏమీ ఉండదు. బండమీద చెయ్యి పెడితే కాలుతుంది. అందులో ఏం బతికి ఉంటుంది అనిపిస్తుంది.

ఒకసారి, అప్పుడే ఉద్యోగంలో చేరిన కొత్త, పిల్లలకి చూపిద్దామని ఒక మొక్కని వేరుతో పీకబోయాను. ఎంత లాగినా రాలేదు. దగ్గర్లో మేకలు కాస్తున్న ముసలాయన వచ్చి, "పీకమాకండి సారూ, అది మీ కంటే పెద్దది" అన్నాడు. వేళాకోళమనుకున్నా. ఆయన గొడ్డలి మొనతో బండపెచ్చు ఒకటి లేపి చూపించాడు. పైన అంతా కలిపి గుప్పెడు లేదు. కింద మాత్రం చిటికెనవేలంత లావున కట్టెలా గట్టిపడిన వేరు మొదలు, మెలికలు తిరిగి, పగులులో ఎంత లోపలికి పోయిందో తెలియలేదు. ఏటేటా పుల్లలు ఎండి రాలిపోయిన మచ్చలు దానిమీద బుడిపెలు బుడిపెలుగా ఉన్నాయి. నాకంటే పెద్దదో కాదో నేను చెప్పలేను. ఆ పెచ్చుని ఆయన మళ్ళీ ఉన్నట్టే పెట్టి, చుట్టూ మట్టి కాలితో తొక్కి వెళ్ళిపోయాడు.

కాబట్టి జవాబు: పైభాగం చస్తుంది, వేరు చావదు. తొలివానకి పదిహేను రోజుల్లో ఆ మొదలు నుంచే కొత్త పుల్లలు వస్తాయి. ఎండాకాలం కొండకి నిప్పు పాకినా కింద వేరు మిగిలితే మళ్ళీ లేస్తుంది. వేరు పీకితే మాత్రం అక్కడితో సరి.

చవితి పూజకి ఎంత కావాలి? వేరుతో సహా తేవాలా?

ఇరవయ్యొక్క పత్రులలో ఇది పదకొండోది. భిన్నదంతాయ నమః అన్నప్పుడు వేసేది. పత్రం అంటే ఆకు. రెండు రెమ్మలు చాలు, కత్తెరతో చివర్లు తుంచుకోండి, మొక్క అక్కడే ఉంటుంది, వచ్చే ఏడు మళ్ళీ ఇస్తుంది. వేరు అడిగే మంత్రం ఏదీ లేదు.

బజారులో పత్రి కట్ట కొంటే అందులో విష్ణుక్రాంత ఉంటుందన్న ఆశ పెట్టుకోకండి. నేను ఏటా ఒక కట్ట కొని విప్పి చూస్తుంటాను, సరదాకి. మామిడాకు, రేగాకు, జిల్లేడు ఖాయంగా ఉంటాయి. ఇరవయ్యొకటీ సరిగ్గా ఉన్న కట్ట ఇంతవరకు నా చేతికి రాలేదు. దొరక్కపోతే అక్షింతలు వేసి దణ్ణం పెట్టుకోండి. వినాయకుడు కట్ట విప్పి లెక్కపెట్టడు.

పేరులో విష్ణువు ఎందుకు వచ్చాడు?

క్రాంతం అంటే అడుగుపడినది. త్రివిక్రముడు అడుగుపెట్టిన నేల విష్ణుక్రాంత. స్నానానికి ముందు మట్టి తీసుకుంటూ చదివే మంత్రంలో భూమినే ఆ పేరుతో పిలుస్తారు. నేలను అంటిపెట్టుకున్న ఈ మొక్కకి ఆ పేరు ఎలా అంటిందో ఊహించుకోవచ్చు. నీలిరంగు చూసి పెట్టారని ఇంకొందరంటారు. అదీ బాగానే ఉంది. తమిళంలో కూడా దాదాపు ఇదే మాట, మలయాళంలో కూడా. కేరళలో కర్కాటక మాసంలో ఆడవాళ్ళు తల్లో పెట్టుకునే దశపుష్పాలలో ఇదొకటి.

నర్సరీలో విష్ణుక్రాంత అని కొన్నాను. పూలు రూపాయి బిళ్ళంత ఉన్నాయి. ఎరువు వేస్తే పెరిగాయా?

ఎరువు కాదు, మొక్కే వేరు. అది బ్రెజిల్ వైపు నుంచి వచ్చిన దీని సోదరి, బ్లూ డేజ్ అని అమ్ముతారు. అందంగా ఉంటుంది, ఏడాదంతా పూస్తుంది. నేను కూడా ఒకచోట విష్ణుక్రాంత అంటే నమ్మి నాలుగు మొక్కలు కొని తెచ్చి, ఊరందరికీ చూపించి, తర్వాత భూతద్దం పెట్టి సిగ్గుపడ్డాను. అమ్మినాయన్ని అడిగితే "నీలంగానే ఉంది కదండీ" అన్నాడు. ఇంకేమంటాం.

తెల్లపూల విష్ణుక్రాంత కూడా ఉందట కదా?

తెల్లపూలు పూసి, ఆకు గుండ్రంగా చిన్న బిళ్ళలా ఉండి, ప్రతి కణుపు దగ్గరా నేలలోకి వేళ్ళు దించుతూ పచ్చిక మీద పాకేది ఒకటుంది. అది కూడా ఎవాల్వ్యులసే, అమెరికా నుంచి వచ్చి స్థిరపడింది. పార్కుల్లో, తడిగడ్డిలో ఉంటుంది. కొండది కాదు. కొండమీది మొక్క కణుపుల దగ్గర వేళ్ళు వేయదు, దానికి ఉన్నది ఒకటే తల్లివేరు.

కుండీలో పెంచుకోవచ్చా?

పెంచుకోవచ్చు, గింజతో అయితే. కొండమీది మొక్కని తవ్వి తెచ్చి నాటితే బతకదు. వేరు సగం రాతిలోనే తెగిపోతుంది.

కాయ గడ్డిరంగుకి వచ్చి, ముట్టుకుంటే పగిలేట్టు ఉన్నప్పుడు నాలుగైదు కోసుకోండి. గింజ పెంకు గట్టిది, నీళ్ళు లోపలికి పోనివ్వదు. ఈ కుటుంబంలో చాలా గింజలకి ఆ గుణం ఉంది. గరుకు కాగితం మీద నాలుగుసార్లు రుద్ది, ఒక రాత్రి నానబెట్టి వేస్తే మొలకలు తొందరగా వస్తాయి. రుద్దకుండా వేసిన కుండీలో ఎనిమిది నెలల తర్వాత, నేను ఆశ వదిలేశాక, ఒకటి మొలిచింది.

మట్టి విషయంలో ప్రేమ చూపించొద్దు. సగం ఎర్రమట్టి, సగం గరపరాళ్ళు, ముతక ఇసుక. కొబ్బరిపొట్టు, వర్మికంపోస్టు వేశారంటే ఆకు పెరుగుతుంది, పువ్వు రాదు, చివరికి మొదలు కుళ్ళుతుంది. కుండీ లోతుగా ఉండాలి, అడుగున బెజ్జం పెద్దది ఉండాలి. ఎండ రోజంతా. మట్టి పూర్తిగా ఆరాకే నీళ్ళు. మా ఇంట్లో పోయిన మొక్కలన్నీ నీళ్ళెక్కువై పోయినవే, ఎండకి పోయింది ఒక్కటీ లేదు. ఊరెళ్ళినప్పుడు పక్కింటివాళ్ళకి అప్పజెప్పకండి. వాళ్ళు మంచివాళ్ళు, రోజూ పోస్తారు.

పిల్లలకి జ్ఞాపకశక్తికి రసం తీసి పట్టొచ్చా?

మేధస్సుకి మంచిదని ఆయుర్వేదంలో చాలాకాలంగా వాడుతున్నారు. జ్వరాలకి కషాయం కాచిన ఇళ్ళు మావైపు ఉండేవి. స్కోపొలెటిన్, అంబెలిఫెరోన్ లాంటి పదార్థాలు ఇందులో ఉన్నట్టు రసాయన పరీక్షల్లో తేలింది. ఒక పదార్థం ఉండటం వేరు, అది మీ పిల్లాడికి ఎంత మోతాదులో పనిచేస్తుందన్నది వేరు. పైన చెప్పిన మూడు మొక్కల గందరగోళం తెలిసి కూడా ఎవరో తెచ్చిన ఆకు నూరి పిల్లలకి పోయమని నేను చెప్పను. చదువుకున్న ఆయుర్వేద వైద్యుణ్ణి అడగండి. ఫిట్స్ మందులు వాడుతున్నవాళ్ళు శంఖపుష్పి పేరున్న ఏ సిరప్పైనా డాక్టరుకి చెప్పకుండా తాగొద్దు.

పరీక్షల ముందు ఫోన్ చేసే తల్లిదండ్రులకి: పిల్లాణ్ణి ఆదివారం పొద్దున కొండకి తీసుకురండి, మొక్కని చూపిస్తాను. ఆ పేరొక్కటి మాత్రం మర్చిపోడు.

అడవిలోకి వెళ్ళి తెచ్చుకుంటే నేరమా?

పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం. దోర్నాల వైపు నల్లమల పులుల అభయారణ్యం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యాల్లోంచి అనుమతి లేకుండా ఏ మొక్కనీ తేకూడదు. పైగా వెలిగొండల్లో ఎర్రచందనం ఉంది. తెల్లవారుజామున సంచి, గునపం పట్టుకుని దిగుతుంటే ఫారెస్టువాళ్ళు ఆపుతారు, ఆపాలి కూడా. అందులో విష్ణుక్రాంత ఉందని చెబితే వాళ్ళు నమ్మడానికి కాస్త టైము పడుతుంది. గుడిమెట్ల పక్కన, ఊరి గుట్టమీద కనపడేదాన్ని చూసుకోండి, చాలు.

మా గుట్టని క్వారీకి ఇచ్చేశారు. మొక్కలన్నీ పోతాయి. వేరేచోటికి మార్చే దారి ఏమీ లేదా?

చీమకుర్తి చుట్టుపక్కల నుంచి, గూడూరు వైపు నుంచి ఈ ప్రశ్న ఏడాదికేడాది ఎక్కువవుతోంది. పెద్దమొక్క మారదని పైన చెప్పాను. పని మొదలయ్యేలోపు గింజలు పోగుచేయండి. కాగితం పొట్లంలో కట్టి, తేదీ రాసి, తేమ తగలని డబ్బాలో పెట్టుకోండి. ప్లాస్టిక్ కవరు వద్దు, బూజు పడుతుంది. వానలు మొదలవగానే పక్క గుట్టమీద, గడ్డి తక్కువున్న రాతి అంచుల్లో, రుద్దినవి సగం, రుద్దనివి సగం కలిపి చల్లండి. రుద్దనివి వెంటనే మొలవకపోయినా రెండేళ్ళో మూడేళ్ళో ఆగి మొలిచే అవకాశం ఉంటుంది. ఒక ఏడు వాన మోసం చేసినా అన్నీ ఒకేసారి పోకుండా ఉంటాయి.

నేను మారదన్నమాట వినకుండా ఒక కుర్రాడు మాత్రం మార్చి చూపించాడు. పొదిలి పక్క ఊరు. వాళ్ళ గుట్టమీద పేలుళ్ళు మొదలయ్యాక, పగిలి విడిపడ్డ ఒక పెచ్చులో మొక్క వేరుతో సహా ఇరుక్కుని ఉండటం చూశాడట. మొక్కని లాగలేదు. ఇద్దరు కలిసి ఆ రాయినే ట్రాక్టరులో వేసుకుని వచ్చి, వాళ్ళ నాన్న తిడుతుండగా, మిద్దెమీద పెట్టారు. మూడో ఏడు నడుస్తోంది. మొన్న దీపావళినాటి పొద్దున ఫొటో పంపాడు. పెద్దది చేసి లెక్కపెడితే పద్నాలుగు పూలున్నాయి.